తొమ్మిది రోజుల సూర్యుడు

ముప్పై రెండేళ్ళుగా సూర్యుడి బొమ్మ గీస్తున్నవాణ్ణి నేను. పొద్దున ఎనిమిదింటికి గాలిగుట్ట మీద గుమ్మటం తలుపు తెరవడం, దూరదర్శిని అద్దం తుడవడం, కాగితం పరచడం, సూర్యుడి మీద కనిపించింది కనిపించినట్టు పెన్సిల్‌తో దిద్దడం. ఇంతే నా ఉద్యోగం. చుట్టుపక్కల ఊళ్ళలో 'సూర్యుడి బంగ్లా కుళ్ళాయప్ప' అంటే చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. మా బంధువు ఒకాయన ప్రతి పెళ్ళిలోనూ పదిమంది ముందు, "ఎండ కాస్తాందా లేదా అని చూసేదానికి కూడా గవర్మెంటు జీతమిస్తాదా అప్పా?" అని అడిగేవాడు. ఇస్తుంది, నీకెందుకు కడుపుమంట అని నేనూ అనేవాణ్ణి. ఇప్పుడైతే అనను.

మా గుట్టకు ఒక ఆచారం ఉంది. ఇక్కడ ఈ సూర్యశాల పెట్టిన శాస్త్రవేత్త పరాంకుశం గారు మొదటి రోజే పెయింటర్‌ను పిలిపించి గోడ మీద రాయించారు: 'మబ్బు ఉండవచ్చు. మనిషి లేకపోవడం ఉండరాదు.' ఆకాశం మూసుకుపోతే ఆ రోజు కాగితం మీద 'మబ్బు' అని రాసి సంతకం పెట్టొచ్చు. అది తప్పు కాదు. కానీ సూర్యుడు ఉండి, గీసేవాడు లేని రోజంటూ మా బీరువాలో ఒక్కటి కూడా ఉండకూడదు. నలభై ఆరేళ్ళ బొమ్మలు, ఒక్క రోజు తెగకుండా. విదేశాల నుంచి వచ్చినవాళ్ళకు ఆయన ముందు ఆ బీరువానే చూపించేవారు, తర్వాతే దూరదర్శిని.

ఆ బీరువాలో తొమ్మిది రోజులు దొంగవి. దొంగ నేనే.

1999 ఫిబ్రవరి మాట. నాకు తోడుండాల్సిన రెండో పరిశీలకుడు బదిలీ మీద వెళ్ళిపోయాడు. పరాంకుశం గారు ఢిల్లీలో ఉన్నారు. మా ఆవిడ ఓబులమ్మకు ఏడో నెల. ఒక పొద్దున ఆమె వంటింట్లో గోడ పట్టుకుని కూలబడిపోయింది, కింద చూస్తే నేలంతా రక్తం. పక్కింటివాళ్ళ ట్రాక్టర్ మీద పరుపు వేసి అనంతపురం తీసుకుపోయాను. ఐదు రోజులు డాక్టర్లు ఇవాళ రేపు అంటూ ఆపారు. ఆరో రోజు ఆపరేషన్ చేసి కిలోంపావు పాపను తీశారు. అద్దాల పెట్టెలో పెట్టారు. నేను ఆ పెట్టె పక్కనే నిలబడి, ఆ చిన్న రొమ్ము పైకి లేస్తోందా లేదా అని చూస్తూ ఉండిపోయాను. అంతకు మించి ఏదీ చూడలేదు. టీ కొట్టుకు వెళ్ళినప్పుడు పేపర్లో రెండు ముక్కలు చదివిన గుర్తు: సూర్యుడి మీద భారీ విస్ఫోటం జరిగిందట, భూమికి ఏమీ కాలేదట.

పదో రోజు ఒక్కణ్ణే గుట్ట ఎక్కాను. తొమ్మిది ఖాళీ కాగితాలు. 'మబ్బు' అని రాద్దామంటే, గుట్ట కింద వాతావరణ కేంద్రం ఉంది. అక్కడి గాజుగోళం రోజుకు పది గంటల ఎండను అట్ట మీద గీత కాల్చి మరీ చూపిస్తోంది. 'మనిషి లేడు' అని రాద్దామంటే చెయ్యి రాలేదు. నిజంగా రాలేదు. గోడ మీద ఆ రాత నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

సూర్యుడు మనకు రోజుకు పదమూడు డిగ్రీలు తిరిగినట్టు కనిపిస్తాడు. వెళ్ళేముందు నేను గీసిన బొమ్మ ఉంది. తిరిగొచ్చిన రోజు సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. మధ్యలో తొమ్మిది బొమ్మలకు ఒక కోణమానిని చాలు. మచ్చల్ని పదమూడేసి డిగ్రీలు పడమటికి జరుపుకుంటూ పోయాను. వెళ్ళేముందు సూర్యుడి నడుముకు అడ్డంగా ఒక పొడవాటి నల్లటి తాడు, అంటే చల్లబడిన వాయువుల చార, ఉంది, తిరిగొచ్చాక లేదు. అంటే పేపర్లో పడిన విస్ఫోటం దానిదే. కాబట్టి ఏడో రోజు నుంచి తాడును తీసేశాను. ఆరో రోజు దాని మొదట్లో నాలుగు చిమ్ములు వేశాను.

చిమ్ము అంటే మా గుట్ట మాట. పుస్తకాల్లో జెట్ అంటారు. సూర్యుడి ఒంటి మీద నుంచి సన్నగా, పిచికారీ కొట్టినట్టు పైకి లేచి పది నిమిషాల్లో పడిపోయే మంట. రోజుకు వందలు లేస్తాయి, ఎవరికీ హాని లేదు. తాడు మొత్తం తెగి అంతరిక్షంలోకి ఎగిరిపోతే అది సీఎంఈ, కరోనల్ మాస్ ఎజెక్షన్. మేం 'విసురు' అంటాం. విసురుకు ముందు తాడు మొదట్లో చిమ్ములు లేవడం మామూలే. ప్రతి చిమ్ము పక్కనా అది మెలి తిరిగిన దిక్కును బాణం గుర్తుతో వేయాలన్నది పరాంకుశం గారి నియమం. తెలియకపోతే చుక్క పెట్టాలి. నేను ఆ నాలుగింటికీ బాణాలే వేశాను. నాలుగూ ఎడమకు. ఎడమకే ఎందుకంటే కారణం లేదు, పెన్సిల్ అటు తిరిగింది.

అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటారు. నాది మరీ అతికింది. పరాంకుశం గారు ఢిల్లీ నుంచి వచ్చి ఆ తొమ్మిది కాగితాలూ తిరగేసి, "ఇంట్లో అంత కష్టం పెట్టుకుని కూడా గీశావా కుళ్ళాయప్పా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పాపకు పేరు కూడా ఆయనే పెట్టారు. సువర్చల, సూర్యుడి కూతురు. ఆరో రోజు బొమ్మను జిరాక్స్ తీయించి, ఫ్రేము కట్టించి నా చేతికిచ్చారు. కింద ఎర్ర సిరాతో రాశారు: 'నువ్వు పుట్టిన రోజు సూర్యుడు.'

ఆ ఫ్రేము మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఉండేది. నాలుగేళ్ళ వయసులో సువర్చల కుర్చీ ఎక్కి దాన్ని చూస్తూ అడిగింది. "నాయ్నా, ఈ నాలుగు మీసాలేంది?"

"చిమ్ములు పాపా."

"నేను పుడ్తానే సూర్యుడు గూడా ఎగిరి గంతులేసినాడా?"

"ఏసినాడు."

ఇంకేం చెప్పమంటారు? ఆ పిల్ల ఆ ఫ్రేమును హాస్టలుకు తీసుకుపోయింది. అనంతపురంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివినప్పుడు రూములో పెట్టుకుంది. ఎర్రదొడ్డి సబ్‌స్టేషన్‌లో ఇంజనీరుగా చేరాక క్వార్టర్స్ గోడకు మేకు కొట్టి తగిలించింది. నేను వెళ్ళినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి.

డాక్టర్ నిషాత్ సుల్తానా మా గుట్టకు వచ్చి ఐదేళ్ళయింది. కర్నూలు పిల్ల. మాట మెత్తన, పని రాక్షసి. ఆమె వచ్చిన ఏడాదే ఒక విసురు భూమిని తాకి, దాని అయస్కాంత ధాటికి లైన్లలో అదనపు కరెంటు పారి, రాజస్థాన్‌లో రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయాయి. దాంతో ప్రభుత్వానికి భయం పట్టుకుంది. విసురు లేచిందని ఉపగ్రహం చెబితే చాలు, జిల్లాలకు జిల్లాలు కరెంటు తీసేసేవాళ్ళు. పది విసుర్లలో తొమ్మిది ఊరికే జారిపోయేవి. అలా ఊరికే తీసేసిన ఒక రోజు మా మండలంలోనే, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతున్న ముసలాయన ఒకాయన చనిపోయాడు. నిషాత్ ఆ ఇంటికి వెళ్ళి వచ్చింది. ఆ పూట అన్నం తినలేదు.

"ఏది కొడుతుందో, ఏది జారిపోతుందో ఒక రోజు ముందు తెలిస్తే చాలు కుళ్ళాయప్ప గారూ," అంది. "విసురు లోపలి అయస్కాంతం దక్షిణానికి తిరిగుంటే మనకు దెబ్బ, ఉత్తరానికి తిరిగుంటే క్షేమం. అది మాత్రం భూమికి ఇరవై నిమిషాల దూరం వచ్చేదాకా ఎవరికీ తెలియట్లేదు."

ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! మా నాయన కిత్తనార తాళ్ళు పేనేవాడు. నా చిన్నతనమంతా నార దువ్వడంలోనే గడిచింది. గొప్ప కోసం అన్నానో, సాయం కోసం అన్నానో గానీ అనేశాను.

"తాడు పురి ఎటుందో తెల్సుకునేదానికి తాడంతా ఇప్పాల్నా మేడం? కొస వదిల్తే అది ఎటు మెలి ఇప్పుకుంటాదో చూస్తే సాలదా?"

ఆమె ఆ మాట కాగితం మీద రాసుకుంది. మర్నాడు బీరువా తాళాలు అడిగింది.

చిమ్ములే ఆ కొసలు. చిన్న చిమ్ము ఎటు మెలి తిరిగి లేస్తుందో, దాని వెనకున్న పెద్ద తాడు పురి కూడా దాన్నిబట్టి తెలుస్తుంది. చిమ్ములు కనిపించేంత నిశితంగా చూసే ఉపగ్రహాల జ్ఞాపకం పదిహేనేళ్ళు. మా బీరువా జ్ఞాపకం నలభై ఆరేళ్ళు, అందులో ప్రతి చిమ్ముకూ బాణం ఉంది. నిషాత్ మూడేళ్ళు కూర్చుని ఆ కాగితాలన్నిటినీ కంప్యూటర్‌కు నేర్పింది. బాణం ఇటుంటే ఆ విసురు ఏం చేసింది, అటుంటే ఏం చేసింది. దానికి పేరు కూడా మా నాయన వృత్తి లోంచే తీసుకుంది. 'పురి' అని.

పురి అద్భుతంగా పనిచేసింది. రెండేళ్ళలో పదకొండు విసుర్లు, పదకొండూ సరిగ్గా చెప్పింది. 'హాని' అన్న ఒక్కసారే కరెంటు తీశారు, దక్షిణాది మొత్తం గట్టెక్కింది. 'క్షేమం' అన్న పదిసార్లూ దీపం కూడా మిణుకుమనలేదు. హాని అవకాశం సగానికి వస్తే లైన్లు తెరవాలి, అంటే కరెంటు తీసేయాలి, అంతకు తగ్గితే ముట్టుకోకూడదు అని ప్రభుత్వం జీవో ఇచ్చింది. పేపర్లో నిషాత్ ఫొటో పడింది. పక్కన నేను, చేతిలో పెన్సిలు. సువర్చల ఆ పేపరు ముక్కను సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో అంటించిందట. "మా నాయన గీసిన గీతలే మన ట్రాన్స్‌ఫార్మర్లని కాపాడ్తాండేది" అని అందరికీ చెప్పిందట. విన్నప్పుడు ఒళ్ళు పులకరించింది, దాచడమెందుకు. తొమ్మిది కాగితాలు గుర్తుకొచ్చి చల్లబడింది. పదహారు వేల కాగితాల్లో తొమ్మిది ఎంతలే అనుకున్నాను.

మొన్న డిసెంబరులో ఒక మంగళవారం. పొద్దున తొమ్మిదిన్నరకు కంటికి అద్దం ఆనించి చూస్తే, సూర్యుడి నడుముకు అడ్డంగా పడుకుని ఉంది నల్లటి తాడు. నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాను దాన్ని. ఆ రోజు దాని మొదట్లో ఒక చిమ్ము లేచింది. ఫిల్టర్ మీటను కాస్త ఎరుపు వైపు, కాస్త నీలం వైపు తిప్పి చూశాను. ఏ అంచు మన వైపు వస్తోందో, ఏ అంచు వెనక్కి పోతోందో అలా తెలుస్తుంది. ఎడమ పురి. బాణం వేశాను. పావుగంటకు ఇంకొకటి. అదీ ఎడమే. పదకొండింటికల్లా నాలుగు. పదకొండుం పదికి తాడు ఒక్కసారి వణికి, మధ్యలో ఉబ్బి, లేచి వెళ్ళిపోయింది. అంత వేగంగా లేవడం నా జన్మలో చూడలేదు. తాడున్న చోట రెండు తెల్లటి మంట చారలు మిగిలాయి.

కాగితం వైపు చూసుకున్నాను. అడ్డతాడు, మొదట్లో నాలుగు చిమ్ములు, నాలుగు ఎడమ బాణాలు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నేను కుర్చీలో కూర్చుని కల్పించిన బొమ్మే ఇది. పెన్సిల్ కింద పెట్టేశాను.

మూడు గంటలకు పురి జవాబు వచ్చింది. నిషాత్ గదిలో తెర మీద పచ్చటి అక్షరాలు: హాని ఆరు శాతం. చేరే సమయం రేపు ఉదయం ఎనిమిది, అటూ ఇటూగా.

"బతికాం," అంది నిషాత్, కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఇంత వేగం చూసి భయపడ్డాను. ఈపాటికే పై కంట్రోల్ రూం వాళ్ళు నాలుగుసార్లు ఫోన్ చేశారు."

"అది అట్లెట్ల చెప్తాది మేడం? ఇట్లాంటి అడ్డతాళ్ళు శానా తక్కువ కదా."

"నలభై ఆరేళ్ళలో మూడే. రెండింటికి మబ్బు రోజులు ఎక్కువ, పురికి వాటి మీద అంత నమ్మకం లేదు. మూడోది మాత్రం బంగారం. తొంభై తొమ్మిది ఫిబ్రవరి, తొమ్మిది రోజులూ శుభ్రంగా ఉన్నాయి. నాలుగు ఎడమ చిమ్ములు, తర్వాత విసురు, భూమికి ఏమీ కాలేదు. అచ్చం ఇదే." ఆమె నవ్వింది. "మీ కాగితాలే కుళ్ళాయప్ప గారూ. మీ సంతకమే."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నేను తెర మీదున్న ఆ ఆరు మీదే చూపు పెట్టి అడిగాను.

"ఆ తొంభై తొమ్మిది తీసేస్తే ఎంత చూపిస్తాది మేడం?"

ఆమె వింతగా చూసి, నాలుగు మీటలు నొక్కింది. తెర మీద అంకె మారింది. యాభై మూడు.

"తీసేస్తే ఎటూ తేలదు. అప్పుడు నియమం ప్రకారం లైన్లు తెరవాల్సిందే. ఎందుకు తీసేయాలి? ఆ కాగితాల్లో ఏమైనా లోపముందా?"

ఇంతకంటే తలుపు తెరిచి ఎవరడుగుతారు? నోరు విప్పితే చాలు. విప్పితే బీరువా మొత్తం అనుమానమే, పరాంకుశం గారి పేరు బూడిదే, ఈ పిల్ల మూడేళ్ళ చాకిరీ గంగపాలే, కుళ్ళాయప్ప దొంగ. ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో వరసగా కనిపించాయి నాకు. హాని ఉందని నాకు మాత్రం తెలుసా? తెలియదు. క్షేమమని అది చెప్పే మాటకు ఆధారం లేదని మాత్రమే తెలుసు. ఏమీ కాదేమోలే అని కూడా అనుకున్నాను. పిరికివాడికి ఎప్పుడూ దొరికే మాట అదే.

"ఊరికే అడిగినాలే మేడం," అన్నాను.

ఆమె మళ్ళీ ఆరు శాతం తెప్పించి, పైకి పంపించింది.

ఇంటికి వచ్చాను. ఓబులమ్మ చేటలో వేరుశనక్కాయలు ఏరుతోంది. నా ముఖం చూసి, "ఏమైంది, ఎండదెబ్బ తగిలిందా డిసెంబర్లో?" అంది. చెప్పులు విడిచి మంచం మీద కూర్చున్నాను. సువర్చలకు బుధవారం పొద్దున ఆరింటి నుంచి షిఫ్టు. ఆ సంగతి నాకు తెలుసు. ఎనిమిదింటికి విసురు తాకేటప్పటికి ఆ పిల్ల ట్రాన్స్‌ఫార్మర్ల మధ్యన ఉంటుంది. ఇంకేం ఆలోచించలేకపోయాను. ఫోన్ తీశాను.

"పాపా, రొమ్ములో నొప్పిగా ఉండాది."

"అయ్యో! ఎప్పట్నుంచి నాయ్నా? ఎడమ చెయ్యి లాగుతాందా? చెమట్లు పడ్తాన్నాయా?"

"కొంచెం. నువ్వు వస్తే బాగుంటాది. రేపు డ్యూటీకి పోవద్దు పాపా, నా దగ్గర ఉండు."

"ఇప్పుడే బయల్దేరతా. ఎలీషా అన్నని అడుగుతా, నా షిఫ్టు చూసుకుంటాడు."

ఓబులమ్మ చేట కింద పెట్టి నన్నే చూస్తోంది. నాకు నొప్పి లేదని ఆమెకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళ కాపురం మరి. లేచి స్టవ్ మీద నీళ్ళు పెట్టింది.

ఎలీషా అంటే ఎర్రదొడ్డిలో సీనియర్ సబ్ ఇంజనీరు, నలభై దాటినవాడు. సువర్చల ఉద్యోగంలో చేరినప్పుడు బ్రేకర్ దగ్గర ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో చేయి పట్టుకుని నేర్పినవాడు. "ఆదివారం నా డ్యూటీ నువ్వు చూస్కోమ్మా, చిన్నోడికి చర్చిలో పాట ఉంది. రేపు నీది నేను చూస్తా" అన్నాడట. అంతే మాట. రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఆమె చీకటి పడేలోపే స్కూటీ మీద వచ్చేసింది. మండలం డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి ఈసీజీ తీయించింది. అంతా బాగుందన్నాడు డాక్టరు. "గ్యాస్ అయ్యుంటాది నాయ్నా, పల్లీలు తగ్గించు," అని నవ్వింది. నా గుండె మీద చేయి పెట్టి, అది కొట్టుకోవడం వింటూ కాసేపు అలాగే కూర్చుంది. చిన్నప్పుడు అద్దాల పెట్టె పక్కన నేను చూసినట్టే చూసింది నన్ను.

బుధవారం పొద్దున మంచి ఎండ. వాకిట్లో కూర్చుని రాగిసంకటి తింటున్నాం. ఏడూ యాభైకి నిషాత్ నుంచి ఫోన్ వచ్చింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను. "కుళ్ళాయప్ప గారూ, ముందున్న ఉపగ్రహం లెక్క వచ్చింది. దక్షిణం. పూర్తిగా దక్షిణం. తాకడానికి ఐదు నిమిషాలు కూడా లేదు. పై వాళ్ళకు చెప్పాను, వాళ్ళు నమ్మేసరికే..." లైను తెగింది.

సువర్చల ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది, చేతికి సంకటి ఉందని.

"అమ్మా, రెండో నంబర్ ట్రాన్స్‌ఫార్మర్ మోత మారిందమ్మా." ఎలీషా గొంతు. వెనక పెద్ద గుయ్యిమనే శబ్దం, ఆంబోతు రంకె లాగా. "లోడ్ ఎక్కువేం లేదు. అయినా నూనె వేడి ఎక్కుతాంది."

సువర్చల లేచి నిలబడింది. "అన్నా, ట్రిప్ చేసెయ్. లోడ్ తీసెయ్ ముందు!"

"ఆర్డర్ రాలేదు కదమ్మా. పురి క్షేమమని చెప్పిండాది కదా, ఇదేదో లోపల రిపేరేమో. ఊరికే తీసేస్తే మూడు జిల్లాలు పోతాయి. ఒక్క నిమిషం, మీటర్ చూసొస్తా."

"దగ్గరికి పోవద్దన్నా! అన్నా, నా మాట విను, యార్డులోకి పోవద్దు..."

గుయ్యిమనే శబ్దం దగ్గరైంది. అంటే అతను ఫోన్ చేతిలోనే పెట్టుకుని నడుస్తున్నాడు. తర్వాత ఏ శబ్దమూ లేదు. మా ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. వాకిట్లోంచి చూస్తే తూర్పున, నలభై కిలోమీటర్ల దూరంలో, నల్లటి పొగ నిట్టనిలువుగా లేచింది.

ఎలీషాను గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదని తర్వాత చెప్పారు. చేతి గడియారం బట్టి పోల్చారట.

ఆరు రోజులు నాలుగు జిల్లాలకు కరెంటు లేదు. ఆసుపత్రుల్లో, ఇళ్ళల్లో ఎంతమంది పోయారో ఇప్పటికీ లెక్క తేలలేదు. పేలుడు జరిగిన మర్నాడే విచారణ సంఘం వాళ్ళు వచ్చి నిషాత్‌ను రెండు రోజులు కూర్చోబెట్టారు. ఆమె అన్ని ప్రశ్నలకూ ఒకటే జవాబు చెప్పింది. "తప్పు నాదే. మూడు ఉదాహరణలతో నేర్పకూడదు." రాజీనామా రాసి బల్ల మీద పెట్టుకుంది. నేను ఆ గది బయట బెంచీ మీద కూర్చుని విన్నాను. విని ఇంటికి వచ్చాను. అన్నం తిన్నాను కూడా. మనిషి ఎంతకు దిగజారగలడో నన్ను చూస్తే చాలు.

విసురు తాకిన నాలుగో రోజు, ఆదివారం సాయంత్రం, సువర్చల వచ్చింది. యూనిఫాం మీదే ఉంది, ఒంటి నిండా మసి వాసన.

"యాడికి పోయినావు పాపా?" అంది ఓబులమ్మ.

"డ్యూటీకి. ఎలీషా అన్నకి మాటిచ్చినా కదమ్మా, ఆదివారం నేను చూస్తానని. కంట్రోల్ రూం అంతా కాలిపోయింది. ఒక కుర్చీ మిగిలింది. ఎనిమిది గంటలు దాంట్లో కూర్చుంటి."

సంచిలోంచి ఫ్రేము తీసింది. అద్దం పగిలి ఉంది, బొమ్మ మాత్రం బాగానే ఉంది. నా ముందు పెట్టింది.

"నాయ్నా, ఒకటి అడుగుతా. మూడు గంటలకి పురి క్షేమమని చెప్పింది. నువ్వు నాలుగింటికి ఫోన్ చేసి, డ్యూటీకి పోవద్దని చెప్తివి. ఈసీజీలో ఏమీ లేదు. నీకు ముందే తెల్సు. ఎట్ల తెల్సు?"

ఓబులమ్మ వంటింటి గడపలో నిలబడిపోయింది. చెప్పాను. ట్రాక్టరు, రక్తం, అద్దాల పెట్టె, ఖాళీ కాగితాలు, కోణమానిని, పదమూడు డిగ్రీలు, నాలుగు బాణాలు. నిషాత్ నన్ను అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమె ఆ నాలుగు మీసాల మీదే వేలు పెట్టుకుని ఉంది.

"అయితే నేను పుట్టిన రోజు సూర్యుడు ఎట్లుండె?"

"తెలీదు పాపా. నేను చూడ్లే. ఆ పొద్దంతా నేను నిన్నే చూస్తా ఉంటి."

ఆమె ఏడ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ పిల్ల అలా ఏడవడం నేను చూడలేదు. నేను దగ్గరికి వెళ్ళబోతే చేయి అడ్డం పెట్టింది. చాలాసేపటికి ముఖం తుడుచుకుని అంది.

"ఈ మాటే ఆ పొద్దు కాగితం మీద రాసింటే సరిపోయేది కదా నాయ్నా. మనిషి లేడు, పాప కాడ ఉన్నాడు అని."

నేను ఫ్రేములోంచి రాలిన అద్దం ముక్కలు ఏరసాగాను.

"లెయ్," అంది. "రేపు మేడంకి చెప్తావు, విచారణోళ్ళకి చెప్తావు. ఈ పొద్దు ఎలీషా అన్నోళ్ళ మార్తమ్మక్కకి చెప్పల్ల. ముందు ఆమెకే చెప్పల్ల."

స్కూటీ వెనక కూర్చున్నాను. ఎర్రదొడ్డిలో ఎలీషా ఇల్లు చర్చి వెనక సందులో ఉంది. వాకిట్లో బంధువుల చెప్పులు, మూలన పీట మీద పిల్లవాడి కొత్త తెల్లచొక్కా, ఇంకా మడత విప్పలేదు. మమ్మల్ని చూసి ఎలీషా భార్య మార్తమ్మ లేచింది. కళ్ళు వాచి ఉన్నాయి. కొంగుతో కుర్చీ దులిపి నాకు వేసింది. వద్దన్నా వినలేదు, లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది.

"కూచోండన్నా, నిలబడొద్దు," అంది. "ఆ పొద్దు మీకు గుండె నొప్పంట కదా, పోతా పోతా మీ గురించే చెప్పిపోయినాడు. పాపం పెద్దాయనకి ఎట్లుండాదో ఏమో అని. ఇప్పుడు నయమేనా అన్నా?"

సువర్చల నా వైపు చూసింది. చెంబు కింద పెట్టి, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.